సమస్య: తినని వాడె విందు దీపమయ్యె

మోడరేటర్:
నిన్న రాత్రి పడుకోబోతుంటే ఈ పాదం దానంతట అదే నోట్లోకొచ్చింది. పొద్దున లేచాక కూడా వదల్లేదు, అందుకే సమస్యగా మీ మీదకు వదులుతున్నాను. ఇదే చివరి పాదంగా ఆటవెలది పద్యం పూరించండి.

"తినని వాడె విందు దీపమయ్యె"

ఒక్కటే షరతు. మీ ఇంటి విందుకు పిలవాలని మీకు నిజంగా ఉన్న పెద్దమనిషి మీద పూరించాలి. లోకానికి తెలిసినవారై ఉండాలి, పురాణపురుషులు వద్దు. ఎందుకు పిలుస్తున్నారో కింద రెండు మాటలు రాయండి. నా అతిథి ఎవరో ముందే చెప్పేస్తాను: నెల్సన్ మండేలా. తనకు జీవితఖైదు పడిన కేసులో ప్రభుత్వం తరఫున వాదించిన ప్రాసిక్యూటర్ పెర్సీ యూటర్‌ని 1995లో, అధ్యక్షుడి హోదాలో, స్వయంగా భోజనానికి పిలిచిన మనిషి. విందుకు ఎవర్ని పిలవాలో ఆయన్ని అడిగి నేర్చుకోవాలి.

శార్దూలం:
తెలుగు రాష్ట్ర మొకటి తేవలె ననుచును
దీక్ష పట్టి దినము దినము కరిగి
ప్రాణ మిచ్చి తుదకు పంక్తిలో మనకెల్ల
తినని వాడె విందు దీపమయ్యె

పొట్టి శ్రీరాములు గారు. 1952 అక్టోబర్ 19న మద్రాసులో దీక్ష మొదలైంది, డిసెంబర్ 15న ప్రాణం పోయింది. 58 రోజులు. ఆయన్ని పిలిచి, నా చేత్తో వడ్డించి, ఆయన మొదటి ముద్ద తిన్నాకే నేను తినాలని నా కోరిక.

చంపకమాల:
"దినము దినము కరిగి" దగ్గర ఆగిపోయాను శార్దూలం గారూ. దీపం కరగదు, కరిగేది కొవ్వొత్తి. చివర దీపం వస్తుందని తెలిసి రెండో పాదంలోనే మనిషిని కరిగించారు. పైగా సమస్యలో ఉన్న తి–దీ యతిని (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదిరే జోడీని) మీరు దీ–దిగా ముందే వినిపించారు. చెవికి హాయిగా ఉంది.

మత్తకోకిల:
ధార బాగుంది, కాదనను. కానీ "తినని వాడు" అనగానే ఎవరికైనా ఉపవాసమే తోస్తుంది. సమస్య అడిగింది మెలిక, శార్దూలం గారు ఇచ్చింది రాజబాట. ఇంకో మాట, "పంక్తిలో మనకెల్ల" అన్నప్పుడు ఆయన మన పంక్తిలో కూర్చున్నారా, మన పంక్తికి వెలుగయ్యారా? అన్వయం రెండు వైపులా లాగుతోంది.

నా పూరణ:

నోబె లంది నట్టి నుతశీలు రెందరో
బల్ల చుట్టు చేరి పలుకు వేళ
నాడు లేని యొక్క నాయకుని దలంచ
తినని వాడె విందు దీపమయ్యె

1962 ఏప్రిల్ 29న కెనడీ 49 మంది నోబెల్ గ్రహీతలను వైట్‌హౌస్‌కు విందుకు పిలిచాడు. లేచి నిలబడి, ఇంత ప్రతిభ ఈ ఇంట్లో ఒక్కచోట చేరడం ఇదే మొదటిసారి, బహుశా థామస్ జెఫర్సన్ (అమెరికా మూడో అధ్యక్షుడు) ఒంటరిగా భోంచేసిన రోజుల్ని మినహాయిస్తే, అన్నాడు. ఆ రాత్రి ఏం వడ్డించారో ఎవరికీ గుర్తులేదు, ఆ ఒక్క మాట మిగిలింది. 1826లోనే పోయిన మనిషి ఆ బల్లకి దీపమయ్యాడు. నేను పిలిచేది ఆయన్నే.

శార్దూలం:
రాజబాటలో నడిస్తే కనీసం దారి తప్పం కోకిల గారూ. మీ పద్యం చదివితే అతిథి ఎవరో తెలియదు. "నాడు లేని యొక్క నాయకుడు" ఎవరైనా కావచ్చు. కింద వ్యాఖ్యానం తీసేస్తే పద్యం నిలబడదు. రెండోది అంతకంటే పెద్ద దోషం: కెనడీ మాటలోనే జెఫర్సన్ ఒంటరిగా "భోంచేశాడు" అని ఉంది. తిన్నవాణ్ణి తినని వాడు అని ఎలా అంటారు?

ఆ విందులో మీరు పట్టుకోవాల్సింది రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్‌ని. అణుపరీక్షలు వద్దని పగలు వైట్‌హౌస్ గేటు బయట ప్లకార్డు పట్టుకుని నిలబడ్డాడు. సాయంత్రం బట్టలు మార్చుకుని అదే గేటులోంచి లోపలికి విందుకు వెళ్లాడు. ఎదిరించిన ఇంట్లోనే మర్యాదగా కూర్చోగలిగిన మనిషి. నా బల్ల దగ్గర రెండో కుర్చీ ఆయనదే.

మత్తకోకిల:
పాలింగ్ ఆ రాత్రి తిన్నాడు కాబట్టే పట్టుకోలేదు. జెఫర్సన్ ఆ రాత్రి తినలేదు. సమస్యకు కావలసింది ఆ ఒక్క రాత్రే.

ఇక పేరు లేదన్న విషయానికొస్తే, అన్వయం గురించి పాఠం చెప్పే ముందు మీ పాత కందపద్యం ఒకసారి తీసి చూడండి. మొదటి పాదంలో "ఎఱుక", రెండో పాదంలో "మరుగు". పాదాల రెండో అక్షరాలు కలవాలనే ప్రాసలో ర–ఱ చెల్లదని చిన్నపిల్లలకు కూడా చెబుతాం. అప్పుడు ఇక్కడ ఒక్కరూ నోరెత్తలేదు.

శార్దూలం:
ఆధునికులు ఎంతమంది ర–ఱ కలిపి రాశారో నేను అప్పుడే చెప్పాను. అచ్చులో ఱ కనబడటమే మానేసింది. చెవికి వినబడని భేదాన్ని పట్టుకుని పద్యాన్ని కొట్టేయడం నాకు ఇష్టం లేదు.

మత్తకోకిల:
ఇష్టం వేరు, లక్షణం వేరు.

మోడరేటర్:
ర–ఱ చర్చ ఇక్కడ ఆపండి, ఇద్దరికీ దణ్ణం. జెఫర్సన్ విషయంలో నాకు కోకిల గారి వాదనే సబబుగా ఉంది. పేరు విషయంలో శార్దూలం గారి వాదన సబబుగా ఉంది. తరువాతి వారు రండి.

తరళం:
నమస్కారం. ఇక్కడ ఇది నా మూడో పద్యం. పోస్ట్ చేయడానికి కొంచెం టెన్షన్‌గానే ఉంది.

మరల వడ్డనంబు మాకింక వద్దన్న
మాట తగిలి నంత మనసు విరిగి
లెక్కలలో మేటి లేచి పోయిన రాత్రి
తినని వాడె విందు దీపమయ్యె

శ్రీనివాస రామానుజన్ మీద. 1914లో కేంబ్రిడ్జి వెళ్లాక తన వంట తనే వండుకునేవాడు. ఒకసారి స్నేహితుణ్ణి, ఆయనకు కాబోయే భార్యను భోజనానికి పిలిచి సూప్ వడ్డించాడు. రెండోసారీ వడ్డించాడు. మూడోసారి గిన్నె తెస్తే అతిథులు చాలన్నారు. కాసేపటికి చూస్తే ఆతిథ్యమిచ్చిన మనిషే గదిలో లేడు. తన వంట నచ్చలేదనుకుని నొచ్చుకుని ఆక్స్‌ఫర్డ్ వెళ్లిపోయాడట. ఆయన్ని పిలవాలని నాకు చాలా ఉంది. మూడోసారి కాదు, పదోసారి వడ్డించినా తింటాను.

శార్దూలం:
మూడో పాదం రెండో గణం చూసుకోండి. "లలో" లఘువు (పొట్టి అక్షరం) తరువాత గురువు (పొడుగు అక్షరం). ఆటవెలది అక్కడ విరిగింది.

మత్తకోకిల:
ఇందులో మాత్రం శార్దూలం గారి మాటే నా మాట. కానీ ఆ ఒక్క అక్షరం కోసం పద్యాన్ని తక్కువ చేయొద్దు. తినకుండా వెళ్లిపోయింది అతిథి కాదు, పిలిచినవాడు. మెలిక అంటే ఇది. ఇంతవరకు ఈ సమస్యలో అతిథి వైపు నుంచి కాకుండా వడ్డించేవాడి వైపు నుంచి చూసింది తరళం ఒక్కరే.

చంపకమాల:
"లెక్కలందు మేటి" అను తమ్ముడూ, సరిపోతుంది. లె–లే యతి ఎలాగూ నిలిచింది. "వడ్డనంబు" పాతబడ్డ మాట, కానీ మొదటి పాదానికి దాని బరువు అవసరమే, మార్చకు.

నాది కూడా చదవండి:

ఇంట నున్న గింజ లిన్నియు పిచ్చుకల్
మెక్క జల్లి మురిసె మేలి కవియె
ఎవర వనిన నగుచు నెలుగెత్తి నే భార
తినని వాడె విందు దీపమయ్యె

తరళం:
అక్కా, చివరి పాదం అర్థం కావడానికి మూడుసార్లు చదివాను. "నే భారతినని"! సమస్యలో "తినని" అన్న మాటే మాయమైపోయింది.

చంపకమాల:
మాయమైనా అర్థం పోలేదు, అదే నా సంతోషం. సుబ్రహ్మణ్య భారతి. భార్య చెల్లమ్మ వంటకి తెచ్చిపెట్టిన బియ్యాన్ని పిచ్చుకలకు చల్లేసిన కథ అందరూ చెప్పుకునేదే. ఇంట్లో గింజ మిగలకపోతే ఆయన మాత్రం ఏం తిన్నాడు? విడదీసి చదివితే "తినని వాడు", కలిపి చదివితే "భారతిని అనిన వాడు". ఎట్టయపురం ఆస్థానంలో చిన్న వయసులోనే ఇచ్చిన బిరుదు అది. ఆ బిరుదు ఆయన నోట గట్టిగా పలికించాలనిపించింది. నా బల్ల దగ్గరికి ఆయన్ని పిలిస్తే కిటికీ తెరిచే ఉంచుతాను.

మత్తకోకిల:
పాదాంతంలో మాటను చీల్చి సమస్యలోకి లాగడం పాత ఎత్తే. కానీ ఎత్తు పాతదైనా ఇక్కడ కథకి కలిసింది, ఊరికే చమత్కారంగా మిగల్లేదు. ఒక్క సందేహం: భారతిని, అని కలిసేటప్పుడు ఇకారసంధి అంత తేలిగ్గా ఒప్పుకుంటారా?

మోడరేటర్:
"నేను కవినని చెప్పుకోను" అని రోజూ అంటాం, రాస్తాం. నాకు అభ్యంతరం లేదు.

శార్దూలం:
చంపకమాల గారికి చప్పట్లు. మెలిక అడిగారు కాబట్టి నేనూ ఇంకోటి ఇస్తున్నాను.

విందు జరిగి నాక వెలువడె పిలుపులు
వేచె నతిథి కొరకు వేడ్క తోడ
పుట్ట బోవు నట్టి పురుషుడే రావలె
తినని వాడె విందు దీపమయ్యె

స్టీఫెన్ హాకింగ్. 2009 జూన్ 28న కేంబ్రిడ్జిలో బెలూన్లు కట్టించి, గ్లాసులు పేర్పించి, ఒక్కడే ఎదురుచూశాడు. ఆహ్వానాలు మాత్రం విందు అయిపోయాకే బయటపెట్టాడు. కాలంలో వెనక్కి ప్రయాణించగలవాడు ఎప్పటికైనా పుడితే, ఆ పిలుపు చదివి వెనక్కి వస్తాడన్నమాట. ఎవరూ రాలేదు. ఆ రాని అతిథే అక్కడ దీపం.

మత్తకోకిల:
ఇది రాజబాట కాదు, మనసారా ఒప్పుకుంటున్నాను. "పుట్టబోవునట్టి" చాలా బలమైన మాట. "జరిగినాక" వాడుక మాట, పక్కనే "వెలువడె", "వేడ్క" గ్రాంథికం. మీ స్థాయికి ఆ అతుకు కనబడకుండా ఉండాల్సింది. అయినా ఈ పద్యం మీ ఎఱుక కందం కంటే మెట్టు పైన ఉంది.

శార్దూలం:
మళ్లీ ఆ కందమేనా! సరే, మెచ్చుకోలు తీసుకుంటున్నాను.

కందప్రియ:
మూడు రోజులుగా అన్నీ చదువుతున్నాను. అబ్దుల్ కలాం గారి మీద రాద్దామనుకున్నాను. 2006లో బంధువులు రాష్ట్రపతి భవన్‌కు వచ్చి కొన్నాళ్లు ఉంటే, వాళ్లు తాగిన టీతో సహా ప్రతిదానికీ ఆయనే సొంత డబ్బు కట్టారని కార్యదర్శి పి.ఎం. నాయర్ చెప్పారు. ఎన్నిసార్లు తలుచుకున్నా మనసు నిండే విషయం. కానీ కోకిల గారి జెఫర్సన్ పద్యం నన్ను వదల్లేదు. జెఫర్సన్ బల్ల మీదకు ఆ వంట ఎక్కడి నుంచి వచ్చేది?

బానిసగను పుట్టి పారీసులో నేర్చి
వండి పెట్టి గడప వద్ద నిలిచి
పెద్ద లెల్ల దినగ పేరైన లేకయె
తినని వాడె విందు దీపమయ్యె

జేమ్స్ హెమింగ్స్. జెఫర్సన్ ఇంటి బానిస. 1784లో యజమానితో పారిస్ వెళ్లి అక్కడి వంటగాళ్ల దగ్గర పని నేర్చాడు. 1790 జూన్‌లో జెఫర్సన్ న్యూయార్క్ ఇంట్లో నాటి ఆర్థికమంత్రి హామిల్టన్, కాంగ్రెస్ నేత మాడిసన్ భోజనానికి కూర్చుని, రాష్ట్రాల అప్పులు ఎవరు మోయాలి, దేశ రాజధాని ఎక్కడ కట్టాలి అన్న తగువు తేల్చుకున్నారు. ఆ రోజు పొయ్యి దగ్గర ఉన్నది హెమింగ్స్ అనే చరిత్రకారుల నమ్మకం. తన విద్య ఇంకొకరికి నేర్పితే విడిచిపెడతానని జెఫర్సన్ 1793లో కాగితం రాసిచ్చాడు. తమ్ముడు పీటర్‌కు నేర్పాడు. 1796లో విడుదలయ్యాడు, 1801లో పోయాడు. నేను విందుకు పిలిచేది ఆయన్నే. వంటగది వైపు వెళ్లనివ్వను.

తరళం:
కందప్రియ గారూ, ఏం రాయాలో తెలియడం లేదు. బా–పా యతి ఎంత సహజంగా పడిందో! బానిసత్వం నుంచి పారిస్‌కి ఒక్క పాదంలో తీసుకెళ్లారు.

మత్తకోకిల:
నా పద్యం మీద ఇంత గట్టి విమర్శ ఇంతవరకు ఎవరూ రాయలేదు, అదీ ఒక్క దూషణ లేకుండా. నేను జెఫర్సన్‌కి వేసిన కుర్చీ ఖాళీ చేస్తున్నాను.

కానీ మూడో పాదం మీద నాకు పేచీ ఉంది. "పేరైన లేకయె" నిజం కాదు. ఆయనకు పేరుంది. పేరే కాదు, చేతిరాత కూడా ఉంది. 1796 ఫిబ్రవరిలో వెళ్లిపోయే ముందు జెఫర్సన్ ఎస్టేట్ మాంటిసెల్లో వంటగదిలోని సామాను మొత్తానికి జాబితా రాసిపెట్టాడు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. చదువు, సంతకం ఉన్న మనిషిని మనం కూడా పేరు లేనివాడంటే, ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకీ మనకీ తేడా ఏముంది?

కందప్రియ:
మీరన్నది నిజం. రాస్తున్నప్పుడు జాలి మాటే ముందొచ్చింది. తప్పు ఆయన పేరులో లేదు, అడగనివాళ్లలో ఉంది. మార్చాను:

బానిసగను పుట్టి పారీసులో నేర్చి
వండి పెట్టి గడప వద్ద నిలిచి
పెద్ద లెల్ల తినిరి పేరైన నడుగక
తినని వాడె విందు దీపమయ్యె

మత్తకోకిల:
ఇప్పుడు పద్యం కుదురుకుంది.

మోడరేటర్:
ఈ వారానికి నా ఓటు కందప్రియ గారికి. చంపకమాల గారి భారతి పక్కనే ఉంటుంది. తరళం, "లెక్కలందు" దిద్ది మళ్లీ పెట్టండి, రెండూ కలిపి దాచుకుంటాను.

శార్దూలం:
కోకిల గారు చెప్పిన ఆ జాబితా వెతికి చదివాను. మొదటి వరుసలోనే రాగి గిన్నెలు 19 అని ఉంది. దాని పక్కనే, మూతలు 19.