పాత యూత్ పాఠాలు మళ్లీ చెప్పొచ్చా, ఏటా కొత్తవి రాయాల్సిందేనా?

ఆదోని యూత్:
చాలా చర్చి సంఘాల బీరువాల్లో పదేళ్ల కిందటి యూత్ మీటింగ్ పాఠాలు, వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ బడి) పుస్తకాలు మూలుగుతున్నాయి. కమిటీలో పెద్దలు ‘బైబిల్ వాక్యం మారదు కదా, అవే చెప్పండి’ అంటారు. లీడర్లేమో ‘ఈ కాలం పిల్లోళ్లు వినరు’ అంటారు. మీరేమంటారు?

గుత్తి టీచరు:
వాడొచ్చు, కానీ ముందు విప్పి చూడాల. ప్రతి పాఠంలో వాక్యభాగం, ముఖ్యాంశం, ఉదాహరణ, ప్రశ్నలు, అన్వయం ఉంటాయి. మొదటి రెండూ గట్టిగా ఉంటే ఆ పాఠం పనికొస్తుంది. అందరూ చేసేదేమంటే, ఉదాహరణలో ఎస్సెమ్మెస్ తీసేసి రీల్స్ పెట్టి, ప్రశ్నలను అట్లే వదిలేస్తారు. నిజానికి ముందు పాతబడేది ప్రశ్నలే. ‘యోసేపు పాపం నుంచి పారిపోయాడా?’ అంటే గదంతా ‘అవును’ అంటుంది, అంతటితో సరి. ఆదికాండము 37:2లో అతనికి 17 ఏళ్లు. అన్నలు అమ్మేస్తే బానిసై, జైలు పాలై, 41:46లో ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడేసరికి 30. ‘ఆ 13 ఏళ్లలో దేవుడు తనను మరిచిపోయాడని ఎప్పుడెప్పుడు అనిపించి ఉంటుంది?’ అని అడగండి. డిగ్రీ అయిపోయి గ్రూప్స్‌కు చదువుతూ ఇంట్లో మాటలు పడుతున్నోళ్లు అప్పుడు నోరు తెరుస్తారు. గంట మీటింగ్‌లో మీ ప్రసంగం 20 నిమిషాలు దాటొద్దు. కనీసం 25 నిమిషాలు ఐదారుగురి గుంపుల్లో వాళ్లనే మాట్లాడనివ్వండి.

కర్నూలు స్టడీ గ్రూప్:
నేనొప్పుకోను అక్కా. పాత పాఠం చేతిలో ఉంటే లీడరు దాన్ని తెరిచేదే శనివారం రాత్రి. వాక్యభాగం ఒక్కసారన్నా పూర్తిగా చదవడు, పక్కనున్న పేరా చదువుతాడు. వినేవాళ్లకు అది ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. అరకొరగా ఉన్నా సొంతంగా తయారుచేసుకున్నదే మేలు.

రాప్తాడు రైతుబిడ్డ:
కొత్తగా రాసినంత మాత్రాన బాగుంటుందా అన్నా? మత్తయి 13లోని విత్తువాని ఉపమానం తీసుకోండి, రైతు చల్లిన గింజలు కొన్ని దారి మీద, కొన్ని రాతినేల మీద పడే కథ. పాతదైనా కొత్తదైనా చాలా పాఠాలు పరదేశపు పుస్తకం నుంచి దించినవే. మన దగ్గర వేరుశనగను గొర్రుతో సాళ్లలో వేస్తారు, గింజ దారి మీద పడే పనే లేదు. అందుకే ‘ఆ రైతుకు తెలివి లేదా?’ అని పిల్లోళ్లు అడుగుతారు. అక్కడ చేత్తో చల్లేవాళ్లు, చేల మధ్యనే నడకదారులుండేవి అని ముందే చెప్పాల. రాతినేల అంటే గులకరాళ్లున్న చేను అనుకుంటారు. కాదు, జానెడు మట్టి కింద బండ. అట్లాంటి ఎర్రచెలకలు అనంతపురంలో కావాల్సినన్ని. వాన పడగానే పచ్చగా లేచి, బెట్టకు ముందు వాడిపోయేది అక్కడే. ఈ నాలుగు వాక్యాలు చేరిస్తే పాత పాఠం బతుకుతుంది.

కర్నూలు స్టడీ గ్రూప్:
అట్ల చేస్తే అది కొత్త పాఠమే అయింది కదప్పా. నేననేదీ అదే.

ప్రొద్దుటూరు డీటీపీ:
వాదన సరే, ఫైళ్ల సంగతి చూడండి. పాతవన్నీ పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ‘అను’ అనే పాతరకం తెలుగు ఫాంట్లతో కొట్టినవి, ఫోన్లో తెరిస్తే పిచ్చి గీతలే. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే అక్షరాల వరస చెదురుతుంది, అసలు ఫైలు నుంచే తీయండి. ఏ ఫోన్లోనైనా కనిపించే యూనికోడ్‌ అక్షరాల్లోకి మార్చే ముందు మధ్యలోని ఇంగ్లిషు ముక్కలు తీసి పక్కన పెట్టండి. కన్వర్టర్‌కు అది ఏ ఫాంటో తెలియదు, వాటినీ తెలుగు గుర్తులుగానే లెక్కేసి చెత్త చేస్తుంది. తర్వాత ఒత్తులు, అధ్యాయం-వచనం అంకెలు ఒక్కొక్కటీ సరిచూడాల. బైబిల్ వచనాలను మార్చే శ్రమే వద్దు, యూనికోడ్ బైబిల్ నుంచి తాజాగా తెచ్చి పెట్టండి.

గుత్తి టీచరు:
ఇంకొకటి. కొన్ని పాఠాలకు మరమ్మతు కుదరదు, తీసేయాల్సిందే. ఇంటర్ ఫలితాల వేళ, యేసును పట్టించిన యూదా ఉరి వేసుకున్న కథ చెప్పి నరకం అని భయపెట్టే పాఠం ఒకటి చాలాచోట్ల తిరుగుతోంది. మనసులో ఆ ఆలోచన ఉన్న పిల్ల దాంతో ఇంకా మూసుకుపోతుంది. దాని బదులు 1 రాజులు 19 తీసుకోండి. ప్రవక్త ఏలీయా చావు కోరుకున్నప్పుడు దేవుడు గద్దించలేదు, నిద్రపోనిచ్చి, దూతతో రెండుసార్లు తిండి పెట్టించాడు. పాఠం చివర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416 రాయండి.
అట్లే ‘లీడరుకు చెప్పింది లీడరు దగ్గరే ఉంటుంది’ అనే మాట ఎక్కడున్నా కొట్టేయండి. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం మైనరుపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాల, దాచిపెట్టడమే నేరం. ‘నీ భద్రతకు అవసరమైతే తప్ప ఎవరికీ చెప్పను’ అని రాసుకోండి, సరిపోతుంది.

ఆదోని యూత్:
మరి ఎన్నేళ్లకొకసారి తిప్పొచ్చు? అచ్చు పుస్తకాన్ని మార్చి జిరాక్స్ తీసి చుట్టుపక్కల సంఘాలకు పంచొచ్చా?

గుత్తి టీచరు:
ఎనిమిదో తరగతిలో చేరినోడు ఇంటర్ దాటేసరికి ఐదేళ్లు. అదే వాక్యభాగాన్ని అంతకంటే ముందు తిప్పొద్దు. చెప్పిన తేదీ, ఏ ప్రశ్నకు గది మూగబోయిందో మార్జిన్లో రాసి పెట్టండి, ఈసారి మార్చాల్సింది అదే.

ప్రొద్దుటూరు డీటీపీ:
జిరాక్స్ మాత్రం ప్రచురణకర్తను అడక్కుండా తీయొద్దు బ్రదర్. మనదేశంలో రచయిత చనిపోయాక కూడా 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది, నాలుగు మాటలు మార్చినంత మాత్రాన అది మనది కాదు. సంఘాల పేర్లు, కాపీల సంఖ్య రాసి ఒక ఉత్తరం పెట్టండి. వీబీఎస్ మేలో అయితే జనవరిలోనే అడగండి.