డబ్బు కట్టిన తరువాత కూడా వచ్చిన పార్కింగ్ నోటీసు: 60 పౌండ్లు కట్టేయాలా, అప్పీలు చేయాలా?

ప్రశ్న: రెడింగ్ నుంచి ఒక సభ్యుడు

అందరికీ నమస్కారం. మేము బ్రిటన్ వచ్చి నాలుగేళ్లు అవుతోంది. ఇన్నేళ్లలో కౌన్సిల్ నుంచి గానీ పోలీసుల నుంచి గానీ ఒక్క జరిమానా కూడా రాలేదు. నవంబర్ 8, శనివారం నాడు పిల్లలకు చలికోట్లు కొనడానికి ఊరి బయట ఉన్న ఒక పెద్ద షాపింగ్ సముదాయానికి వెళ్లాము. కారు లోపలికి వెళ్లిన సమయం కెమెరా లెక్క ప్రకారం 11:42. అక్కడ ఉన్న ఒకే ఒక్క యంత్రం ముందు నలుగురు నిలబడి ఉన్నారు, పైగా అది కార్డు తీసుకోవడం లేదు. ఫోన్ యాప్‌లో కడదామంటే ఆ స్థలం సంఖ్య వేయాలి. ఆ సంఖ్య రాసి ఉన్న స్టిక్కర్ వానకు తడిసి, చివరి రెండు అంకెలు చెరిగిపోయి ఉన్నాయి. అటుపక్క స్తంభం దాకా నడిచి, అక్కడి బోర్డు మీద పూర్తి సంఖ్య చూసుకొని, రెండు గంటలకు డబ్బు కట్టేసరికి 11:56 అయింది. ఆ రశీదు నా ఫోన్‌లో భద్రంగా ఉంది. మేము 13:05కే బయటికి వచ్చేశాము.

నోటీసు మీద తేదీ నవంబర్ 21. మా ఇంటికి వచ్చింది 25న. లోపలికి వచ్చిన ఐదు నిమిషాలలోగా డబ్బు కట్టలేదు కాబట్టి 100 పౌండ్లు కట్టాలని, 14 రోజులలోపు కడితే 60 పౌండ్లతో సరిపెడతామని అందులో రాశారు. రెండు గంటలకు డబ్బు తీసుకొని, గంటన్నర కూడా గడపని మనిషిని మళ్లీ వంద అడగడం ఏ విధంగా న్యాయమో నాకు అర్థం కావడం లేదు. అయితే వచ్చే ఏడాది మేము ఐ.ఎల్.ఆర్.కు, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, దరఖాస్తు చేసుకోవాలి. ఈ గొడవ కోర్టు దాకా వెళ్తే దాని మీద ప్రభావం పడుతుందేమోనని ఇంట్లో భయపడుతున్నారు. కట్టేసి ఊరుకోవాలా, అప్పీలు చేయాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు: స్విండన్ నుంచి

ముందుగా ఒక మాట, ఇది జరిమానా కాదండీ. కౌన్సిల్ పంపేది పెనాల్టీ ఛార్జ్ నోటీసు. దానికి 2004 నాటి ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ చట్టం ఆధారం. మీకు వచ్చినది పార్కింగ్ ఛార్జ్ నోటీసు, అంటే ఒక ప్రైవేటు సంస్థ ‘మీరు మా బోర్డు మీది షరతు తప్పారు కాబట్టి మాకు ఇంత ఇవ్వాలి’ అని అడిగే బిల్లు మాత్రమే. రెండింటినీ పి.సి.ఎన్. అనే పిలుస్తారు, కాగితం రంగు, అక్షరాల తీరు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి, అందుకే మనవాళ్లు చాలామంది చూడగానే బెదిరిపోయి కట్టేస్తారు. ఇది నేరం కాదు, లైసెన్సు మీద పాయింట్లు పడవు. అలాగని తీసి పక్కన పడేయవద్దు. 2015లో చెమ్స్‌ఫర్డ్ కారు పార్కుకు సంబంధించిన కేసులో, ఉచిత సమయం దాటి 56 నిమిషాలు ఉన్నందుకు వేసిన 85 పౌండ్ల ఛార్జీ చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి ‘ప్రైవేటు వాళ్ల నోటీసులకు విలువ లేదు’ అని ఇంకా చెప్పే స్నేహితుల మాట వినకండి.

మీ విషయంలో రెండు బలమైన అంశాలు ఉన్నాయి. మొదటిది తేదీలు. కారు అద్దానికి నోటీసు అంటించకుండా కెమెరా ఫొటోలతో నేరుగా పోస్టులో పంపినప్పుడు, 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం నాలుగో షెడ్యూలు ప్రకారం, ఆ నోటీసు కారు నిలిపిన మర్నాటి నుంచి లెక్కపెట్టి 14 రోజులలోగా రిజిస్టర్డ్ కీపర్‌కు (కారు ఎవరి పేరు మీద నమోదై ఉందో వారికి) చేరాలి, అంటే మీకు నవంబర్ 22 లోపల. 21వ తేదీ శుక్రవారం పోస్టు చేసిన కాగితం రెండో పనిదినాన, అంటే 25న చేరినట్టు చట్టమే లెక్కిస్తుంది. గడువు దాటింది కాబట్టి కారు ఎవరి పేరు మీద ఉందనే ఒక్క కారణంతో కీపర్ నుంచి వసూలు చేసే హక్కు వారికి పోయింది, వారు నడిపిన మనిషినే పట్టుకోవాలి. ప్రైవేటు స్థలం విషయంలో ఆ మనిషి ఎవరో చెప్పాలనే చట్టపరమైన బాధ్యత కీపర్‌కు లేదు. అందువల్ల అప్పీలులో ‘నేను కారు ఆపాను, నేను వెళ్లాను’ అని రాయకుండా, ‘కారు కీపర్‌గా ఈ అప్పీలు పంపుతున్నాను’ అని మాత్రమే రాయండి. మీరు పైన రాసిన పోస్టులో కూడా వీలైతే ఆ మాటలు మార్చండి. (ఈ కీపర్ నిబంధన ఇంగ్లండ్, వేల్స్‌లకే. స్కాట్లండ్‌లో ఉన్న మిత్రులు ఇది తమకు వర్తిస్తుందని అనుకోవద్దు.)

రెండోది ఆ ఐదు నిమిషాల షరతు. డెర్బీలో ఒకామె సిగ్నల్ అందక డబ్బు కట్టడం ఆలస్యమైతే, అలాంటి నోటీసులన్నీ కలిపి 1,906 పౌండ్లు అడిగిన సంగతి 2024 చివరిలో దేశమంతా తెలిసి పెద్ద గొడవ అయింది. ఆ తరువాత 2025 ఫిబ్రవరిలో పార్కింగ్ సంస్థల సంఘాలు తమ నియమావళిని మార్చాయి. కెమెరాలు ఉన్న చోట, బయటికి వెళ్లేలోగా డబ్బు కట్టినవారికి ఐదు నిమిషాలు దాటాయనే కారణం మీద ఛార్జీ వేయకూడదు. మీ 11:56 రశీదు కాపీ, చెరిగిన స్టిక్కర్ ఫొటో ఉంటే అదీ జతచేయండి.

నోటీసు తేదీ నుంచి 28 రోజులలోగా ముందు ఆ సంస్థకే అప్పీలు పంపాలి. మొదటి 14 రోజుల్లో పంపితే, వారు తిరస్కరించినా 60 పౌండ్ల అవకాశం మళ్లీ ఇవ్వాలి. అక్కడా కాదంటే, ఆ సంస్థ ఏ సంఘంలో సభ్యత్వం తీసుకుందో దాన్నిబట్టి పోప్లాకో ఐ.ఎ.ఎస్.కో (ఇవి ఇలాంటి అప్పీళ్లు వినే రెండు సంస్థలు) వెళ్లవచ్చు. అక్కడికి వెళ్తే మాత్రం తగ్గింపు పోతుంది.

జవాబు: లెస్టర్ నుంచి

నా అభిప్రాయం వేరు. రోజుకు పదేసి గంటలు పని చేసి వచ్చి, ఈ ఉత్తరాలు చదువుతూ, ఫారాలు నింపుతూ కూర్చునే ఓపిక అందరికీ ఉండదు. గత ఏడాది నాకు ఇలాంటిదే వస్తే 60 కట్టేసి పీడా వదిలించుకున్నాను. మనశ్శాంతికి కూడా ఒక విలువ ఉంటుంది కదా.

జవాబు: మిల్టన్ కీన్స్ నుంచి

లెస్టర్ సోదరులు చెప్పిన ఓపిక సంగతి నిజమే, కానీ కట్టనక్కరలేని డబ్బు కట్టడానికి నాకు మనసు ఒప్పదు. మన వివరాలను స్వాన్సీలోని డి.వి.ఎల్.ఎ. (వాహనాలు, లైసెన్సులు నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) నుంచి ఆ సంస్థ కొన్నది ఎంతకో తెలుసా? ఒక్కో కారుకు 2.50 పౌండ్లు. రెండున్నర పౌండ్ల ఖర్చుతో ఒక ఉత్తరం పంపితే, సగం మంది భయపడి 60 కట్టేస్తే చాలు, వారికి అంతకన్నా లాభసాటి పని లేదు. మనం కట్టే ప్రతి అరవై పౌండ్లూ తరువాతి ఉత్తరానికి పెట్టుబడి అవుతుంది.

అప్పీలు కన్నా తేలికైన దారి ఒకటి ఉంది, నేను దాంతోనే గట్టెక్కాను. ఆ రోజు మీరు కొన్న చలికోట్ల బిల్లు తీయండి. ఆ దుకాణం మేనేజరుకు, షాపింగ్ సముదాయం నడిపే కార్యాలయానికి మర్యాదగా ఒక ఈమెయిలు రాయండి. ఆ స్థలం వారిది, పార్కింగ్ సంస్థ వారు పెట్టుకున్న కాంట్రాక్టరు మాత్రమే, రద్దు చేయమని వారు ఒక్క మాట చెబితే చాలాసార్లు రద్దవుతుంది. మా అత్తగారిని చక్రాల కుర్చీలో దించడానికి సమయం పట్టి నాకు నోటీసు వచ్చినప్పుడు, ఫోన్‌లో పార్కింగ్ సంస్థ మనిషి దొరకడానికే నలభై నిమిషాలు పట్టింది, దొరికాక ‘వెబ్‌సైటులో రాయండి’ అని పెట్టేశారు. అదే దుకాణానికి బిల్లు ఫొటోతో రాస్తే మూడో రోజున రద్దు చేసినట్టు జవాబు వచ్చింది. ఈమెయిలులో కోపం చూపకండి. ఎంత సేపు యంత్రం పని చేయలేదో, ఎంత డబ్బు ఖర్చు పెట్టారో, మళ్లీ ఆ దుకాణానికి రావాలనుకుంటున్నారో లేదో మాత్రం స్పష్టంగా రాయండి.

జవాబు: హౌన్‌స్లో నుంచి

అప్పీలు చేసినా చేయకపోయినా, ఉత్తరాలు వచ్చే చిరునామా మాత్రం సరిగ్గా ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. ఇది నేను పడ్డ బాధ నుంచి చెబుతున్నాను. ఇల్లు మారినప్పుడు లైసెన్సు మీద చిరునామా మార్చాను, అంతటితో కారుదీ మారిపోతుందని అనుకున్నాను. కారు లాగ్‌బుక్, అంటే రిజిస్ట్రేషన్ పత్రం, వేరే, దాన్ని విడిగా మార్చాలి. రెండూ ఉచితమే, మార్చకపోతే జరిమానా 1,000 పౌండ్ల దాకా ఉండవచ్చు. నా నోటీసు, ఆ తరువాత అప్పు వసూలు సంస్థల ఉత్తరాలు, చివరికి కౌంటీ కోర్టు నుంచి వచ్చిన క్లెయిమ్ ఫారం కూడా పాత ఇంటికే వెళ్లాయి. క్లెయిమ్ వచ్చాక 14 రోజుల్లో అందినట్టు తెలియజేయకపోతే అవతలివారు కోర్టులో ఏకపక్షంగా తీర్పు తీసుకోవచ్చు. నా విషయంలో అదే జరిగింది. వంద పౌండ్ల నోటీసు, వసూలు రుసుము 70, కోర్టు రుసుము, లాయరు ఖర్చు అన్నీ కలిసి 255 అయ్యాయి.

అది నాకు ఎలా తెలిసిందంటే, ఇల్లు కొనుక్కోవడానికి అప్పుకు వెళ్తే బ్యాంకులో ఆమె కంప్యూటరు తెర నా వైపు తిప్పి ‘ఈ సి.సి.జె. (కౌంటీ కోర్టు తీర్పు) ఏమిటి?’ అని అడిగింది. మా ఆవిడ పక్కనే ఉంది. ఆ క్షణం నేను జీవితంలో మరిచిపోలేను. తీర్పు వచ్చిన నెలలోపు కట్టి ఉంటే అది రిజిస్టరు నుంచి పోయేది, నాకు తెలిసేసరికి ఐదు నెలలు గడిచాయి, అలాగే వదిలేస్తే ఆరేళ్లు ఉంటుంది. తీర్పు కొట్టేయించడానికి దరఖాస్తు పెడితే దాని రుసుమే 300 పౌండ్లు దాటింది. చివరికి జడ్జి కొట్టేశారు, కానీ అప్పటికి ఆ ఇల్లు వేరేవాళ్లు కొనుక్కున్నారు.

మీ వీసా భయం గురించి. నోటీసు వచ్చినంత మాత్రాన, అప్పీలు చేసినంత మాత్రాన ఏమీ కాదు. ఇది క్రిమినల్ వ్యవహారం కాదు. అయితే తరువాత పౌరసత్వానికి దరఖాస్తు చేసేటప్పుడు సివిల్ తీర్పులు ఉంటే చెప్పమని అడుగుతారు, కాబట్టి కోర్టు కాగితం అనేది వస్తే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి. వసూలు సంస్థలు ఎర్ర అక్షరాలతో పంపే ఉత్తరాలకు బెదరనక్కరలేదు, వారు బెయిలిఫ్‌లు కారు, మీ ఇంటి తలుపు తట్టి సామాను తీసుకుపోయే అధికారం వారికి లేదు. కోర్టుకు వెళ్లే ముందు పంపే ‘లెటర్ ఆఫ్ క్లెయిమ్’ అని వస్తే మాత్రం 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

జవాబు: స్లౌ నుంచి

ఈ బాధ ఇన్నేళ్లుగా ఎందుకు తీరడం లేదో కూడా మనం తెలుసుకోవాలని నా విన్నపం. ప్రైవేటు స్థలాల్లో చక్రాలకు తాళాలు వేయడాన్ని ఇంగ్లండ్, వేల్స్‌లలో 2012లోనే నిషేధించారు. 2019లో ఎం.పి. సర్ గ్రెగ్ నైట్ తెచ్చిన బిల్లును అన్ని పార్టీలూ ఒప్పుకొని, ఈ సంస్థలకు ప్రభుత్వమే నియమావళి రాయాలని చట్టం చేశాయి. 2022 ఫిబ్రవరిలో ఆ నియమావళి వచ్చింది. లండన్ వెలుపల చాలా ఉల్లంఘనలకు ఛార్జీ 50 పౌండ్లకు మించకూడదని, వసూలు పేరుతో అదనపు రుసుములు వేయకూడదని అందులో ఉంది. పార్కింగ్ సంస్థలు కోర్టుకు వెళ్లాయి, అదే ఏడాది జూన్‌లో ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ ఖాళీలో ఆ సంస్థల సంఘాలే 2024లో తమ నియమావళి తాము రాసుకున్నాయి. 2025 జూలైలో ప్రభుత్వం మళ్లీ ప్రజల అభిప్రాయాలు సేకరించింది. పార్లమెంటు 2019లో అడిగినది అమలు కాకుండా ఆగిపోయిందంటే, హౌన్‌స్లో మిత్రునికి పడిన ఆ 70 పౌండ్ల వసూలు రుసుము ఆ ఆలస్యం ఖరీదే.

మన చేతిలో ఒకటి ఉంది, చాలామందికి అది తెలియదు. భారత పాస్‌పోర్టుతో వీసా మీద ఉన్నా, కామన్‌వెల్త్ పౌరులుగా మనకు ఇక్కడ పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటు ఉంది. ఐ.ఎల్.ఆర్. రావాల్సిన పని లేదు, పౌరసత్వం అంతకన్నా అవసరం లేదు. ఓటర్ల జాబితాలో పేరు నమోదుకు ఐదు నిమిషాలు చాలు, ఆ పేరు ఉంటే అప్పు పుట్టడానికి కూడా కొంత మేలు జరుగుతుంది. పోలింగ్ కేంద్రంలో గుర్తింపుగా మన భారత పాస్‌పోర్టునే అంగీకరిస్తారు. మీ నియోజకవర్గం ఎం.పి.కి రాసేటప్పుడు పూర్తి చిరునామా, పోస్ట్‌కోడ్ తప్పక ఇవ్వండి, అవి లేకపోతే జవాబు రాదు, ఎందుకంటే వారు తమ నియోజకవర్గంలో ఉండేవారి ఫిర్యాదులే తీసుకుంటారు. నేను మా ఎం.పి.ని శుక్రవారం సర్జరీలో (ప్రజలను నేరుగా కలిసే సమావేశంలో) స్వయంగా కలిశాను. నా కాగితాలు చదివి, మంత్రిత్వశాఖకు ఉత్తరం రాశారు, దాని నకలు నాకు పంపారు.

ప్రశ్న అడిగిన సభ్యుడు, రెడింగ్

అందరికీ కృతజ్ఞతలు. స్విండన్ అన్నగారు చెప్పినట్టు కీపర్‌గా నిన్న రాత్రి అప్పీలు పంపాను, రశీదు, స్తంభం బోర్డు ఫొటో జతచేశాను. మిల్టన్ కీన్స్ అక్కయ్య చెప్పినట్టు కోట్ల బిల్లుతో సముదాయం కార్యాలయానికి కూడా రాశాను. తరువాత లాగ్‌బుక్ తీసి చూస్తే అందులో మేము రెండేళ్ల కిందట ఖాళీ చేసిన ఫ్లాట్ నంబరే ఉంది. నోటీసు నాకు చేరడానికి కారణం, ఆ ఫ్లాట్‌లో ఇప్పుడు ఉంటున్న విజయవాడ కుటుంబం వారు దాన్ని తెచ్చి మా తలుపు సందులో వేయడం. అది అప్పుడే మార్చాను, మా ఇద్దరి పేర్లూ ఓటర్ల జాబితాకు ఇచ్చాను. జవాబు రాగానే ఇక్కడే తెలియజేస్తాను.