నాణేల క్లబ్ మీటింగ్ సంతలా మారకుండా ఎలా నడపాలి?

మా నాణేల సేకరణ క్లబ్‌లో మీటింగుల బాధ్యత ఈమధ్యే నాకొచ్చింది. సభ్యులు బాగానే వస్తున్నారు కానీ, కూర్చోగానే బేరాలు మొదలు. కొత్తగా చేరిన పిల్లలు కాసేపు చూసి వెళ్లిపోతున్నారు.

అసలు టెన్షన్ వేలం దగ్గర. నాణెం స్థితి మీద ఒకరి మాట ఇంకొకరు ఒప్పుకోరు. నాణెం స్థితికి 1 నుంచి 70 దాకా మార్కులిచ్చే షెల్డన్ స్కేలు వాడదామంటే, అమ్మేవారికి ప్రతిదీ 60 పైనే, అంటే చలామణిలో వాడనిదిగానే కనిపిస్తుంది! తోమి మెరిపించినవి కూడా 'వాడనివే' అంటారు. తర్వాత నకిలీ అని తేలితే డబ్బు ఎవరివ్వాలి, అమ్మినవారా, క్లబ్బా? మీ దగ్గర దీనికి రాసి పెట్టుకున్న నియమం ఉందా? వేలానికి ముందు బరువు, వ్యాసం కొలవడం, అయస్కాంతంతో చూడడం తప్పనిసరి చేద్దామనుకుంటున్నాను. వెండి, రాగి అయస్కాంతానికి అంటుకోవు కాబట్టి ఇనుముతో చేసిన నకిలీలు అక్కడే దొరికిపోతాయి. అన్నీ దొరకవనుకోండి.

ఇంకోటి, పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో ఏళ్ల తరబడి ఉంచితే నాణేలకు ఆకుపచ్చటి జిగురు పడుతుందని చెప్పినా పెద్దవాళ్లు వినరు. పీవీసీ లేని మైలార్ (ఒక రకం పాలిస్టర్) కవర్లు క్లబ్ డబ్బుతోనే కొనిస్తే సభ్యులు ఒప్పుకుంటారా?

పిల్లల కోసం మొదటి అరగంట బేరాలు ఆపేసిన క్లబ్బులేమైనా ఉన్నాయా? ఆ సమయంలో ఏం చేయించారో చెప్పగలరా?