ఫ్రాన్సులో ఐరోపా చరిత్ర చదవడానికి ఎంత ఫ్రెంచ్ రావాలి?

ప్రశ్న: నేను హైదరాబాదులో చరిత్ర ప్రధానాంశంగా బి.ఏ. చివరి సంవత్సరం చదువుతున్నాను. ఫ్రెంచ్‌లో బి1 (మధ్యస్థాయి) పరీక్ష పూర్తయింది. ఫ్రాన్సులో మాస్టర్స్ చేయడానికి ఈ భాష సరిపోతుందా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు: సరిపోదండీ. అక్కడ చరిత్ర బోధన చాలావరకు ఫ్రెంచ్‌లోనే సాగుతుంది కనుక అనేక విశ్వవిద్యాలయాలు కనీసం దాని పై స్థాయి అయిన బి2 అడుగుతాయి. నా మట్టుకు పాఠం వినడం కన్నా రాయడమే కష్టమైంది. పరీక్షలో ఒక పాత పత్రం చేతికిచ్చి, దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎవరిని ఉద్దేశించి రాశారో వివరిస్తూ వ్యాఖ్యానం రాయమంటారు. మరొక తిరకాసు, వారి లెక్కలో ‘ఆధునిక’ యుగం 1789 విప్లవంతో ముగుస్తుంది, ఆ తరువాతిదంతా ‘సమకాలీనం’. నెపోలియన్‌ను ఆధునిక చరిత్ర అరల్లో వెతికి ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను.

రెండవ జవాబు: విప్లవకాలపు పత్రాల్లో తేదీలు కూడా విప్లవ ప్రభుత్వం పెట్టిన కొత్త క్యాలెండరు ప్రకారం వేరుగా ఉంటాయి. రెండవ సంవత్సరం థెర్మిడోర్ 9 అంటే, విప్లవ నాయకుడు రోబెస్పియర్ పతనమైన 1794 జులై 27. పరిశోధనాంశం ఇంకా ఎంచుకోకపోతే ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లోని వలసపాలన దస్తావేజుల భాండాగారాన్ని గుర్తుంచుకోండి. ఫ్రెంచి భారతదేశపు దస్తావేజులు అక్కడ ఉన్నాయి.

ప్రశ్నించినవారు: మా అమ్మమ్మగారిది యానాం. బి2 పూర్తి చేసి, ఆ దిశగానే ఆలోచిస్తాను.