చార చూసి ఊరు చెప్పగలమా? కోనసముద్రం ఉక్కు, డమాస్కస్ కత్తులు

కొలిమిసెగ:
ఒంటి మీద అలల్లాంటి చారలుండే పాత డమాస్కస్ కత్తి కనబడితే చాలు, అది మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కేనని రాసేస్తున్నారు. అక్కడి మూసల ఉక్కు (మట్టి మూసలో ఇనుమును కర్బనంతో కరిగించి చేసే ఉక్కు) కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారని 1820లలో ఆంగ్లేయ భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ రాశాడు, అది నిజం. కానీ కత్తి చేతికిస్తే అది ఆ ఊరి ఉక్కేనని పరీక్షతో తేల్చగలమా? ఉక్కులో వెనేడియం అనే లోహం కాస్త ఉంటే చాలు, అది ఆ ఊరిదేననే వాదన నాకు ఒప్పుదల కాలేదు.

దాగలి:
వెనేడియాన్ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. 1998లో లోహ శాస్త్రవేత్త వెర్‌హోవెన్, కమ్మరి పెండ్రే చూపించింది అదే: పది లక్షల పాళ్లలో 40 పాళ్లున్నా చార వస్తుంది. సుమారు 1.5 శాతం కర్బనమున్న ముద్ద మూసలో మెల్లగా చల్లారేటప్పుడు ఇనుము కొమ్మలుగా గడ్డకడుతుంది, వెనేడియం ఆ కొమ్మల సందుల్లో పోగవుతుంది. సుత్తి దెబ్బలకు ఆ సందులు పొరలుగా సాగుతాయి. మళ్లీ మళ్లీ కాల్చినప్పుడు సిమెంటైట్ (ఇనుము, కర్బనం కలిసిన గట్టి పదార్థం) రేణువులు ఆ పొరల్లోనే బలుస్తాయి. అందుకే ఖనిజం మారితే చార పోతుంది.

కొలిమిసెగ:
దాగలి గారూ, చార ఎలా వస్తుందో మీరన్నది సరే. అయితే వెనేడియం ఒక్క తెలంగాణ ఖనిజంలోనే ఉందా? మాంగనీసు కూడా ఆ పని చేస్తుంది. మూసల ఉక్కు మధ్య ఆసియాలోని మెర్వ్‌లో, ఫెర్గానా లోయలోని అఖ్సికెత్‌లో, ఇరాన్‌లోని చాహక్‌లో కూడా చేశారు. పైగా ముద్ద ఎంత మంచిదైనా కమ్మరి వేడి తప్పితే చార ఉండదు. 1000 డిగ్రీలకు అటూ ఇటూగా సిమెంటైట్ ఇనుములో కలిసిపోతుంది. అంతకు మించి కాలిస్తే పొర చెదిరిపోతుంది, తిరిగి రప్పించాలంటే తక్కువ వేడిలో చాలాసార్లు కాల్చి సాగగొట్టాలి. భాస్వరం 0.1 శాతం చేరిందంటే ఇంకో బెడద: ఎక్కువ వేడిలో ఉక్కు రేణువుల అంచులు కరిగి, దెబ్బ వెయ్యగానే ముద్ద పగులుతుంది. యూరప్ కమ్మర్లు తమ ఇనుములాగే తెల్లగా కాల్చి కొడితే ఈ ఉక్కు పొడిపొడైంది. పెండ్రే ముద్దను ముందు ఇనుప ఆక్సైడులో పెట్టి 1200 డిగ్రీల వద్ద చాలాసేపు ఉంచేవాడు, పైపొరలో కర్బనం పోయి మెత్తనవుతుంది, పగుళ్లు ఆగుతాయి.

చిట్టెం:
ఇద్దరూ చారనే పట్టుకున్నారు. అసలు చిక్కు వేరే చోట ఉంది. పూర్తిగా కరగకుండా తీసే కొలిమి ఇనుములో చిట్టెం (ఖనిజంలోని మలినాలు కరిగి గడ్డకట్టినది) పోగులు మిగులుతాయి, వాటి రసాయనాన్ని బట్టి ఏ ఖనిజమో చెప్పడానికి కొంత వీలుంది. మూసలో ఉక్కు పూర్తిగా కరుగుతుంది, చిట్టెం పైకి తేలి వేరైపోతుంది. అంటే ఊరి ఆనవాలు కత్తిలో కాకుండా మూస పెంకుల దిబ్బలోనే మిగులుతుంది. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకుల బృందం ఒక పాత కత్తిలో కర్బనపు నానో గొట్టాలు (కంటికి కనబడనంత సన్నని గొట్టాలు) ఉన్నాయంది. అవీ ఊరు చెప్పవు.

దాగలి:
మరి ఏం చూడాలంటారు?

చిట్టెం:
ముందు అది మూసల ఉక్కో, అతుకుల ఉక్కో (వేర్వేరు ఇనుప పట్టీలను కాల్చి అతికించినది) తేల్చాలి. పైన ఆమ్లం పూస్తే రెండింటికీ చార కనబడుతుంది, కాబట్టి ఉపరితలాన్ని నమ్మలేం. లోపలి నుంచి చిన్న ముక్క కోసి, అద్దంలా మెరుగుపెట్టి, 2 శాతం నైటాల్ (ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ ఆమ్లం) పూసి సూక్ష్మదర్శినిలో చూడాలి. గుండ్రటి సిమెంటైట్ రేణువులు వరుసల్లో ఉండి, అతుకు గీత, చిట్టెం లేకపోతే మూసల ఉక్కు. ఆ తర్వాత స్వల్ప మూలకాలు. క్రోమియం 1 శాతం దాకా వస్తే చాహక్ వైపు చూడాలి, అక్కడ మూసలో క్రోమైట్ అనే క్రోమియం ఖనిజం కలిపేవారు. కోనసముద్రం అని రాయాలంటే అక్కడి దిబ్బల్లోని మూస పెంకులను, వాటికి అంటిన ఉక్కు బొట్లను విశ్లేషించి, కత్తి అంకెలను వాటి పక్కన పెట్టి చూపించాలి. అంతదాకా కత్తి పక్కన పెట్టే పలక మీద "మూసల ఉక్కు" అని రాస్తే చాలు.