ఇంగ్లిష్ భూతం కథ మన పిల్లలతో రాయించాలా?

హన్మకొండ తండ్రి: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వచ్చే శనివారం వాళ్ల హైస్కూల్లో కథల పోటీ ఉంది. మేరీ షెల్లీ నవల ఫ్రాంకెన్‌స్టైన్ స్ఫూర్తితో రెండు గంటల్లో కొత్త కథ రాయాలి, అదీ ఇంగ్లిష్‌లోనే. పోతన పుట్టిన బమ్మెర పక్క జిల్లాలోనే ఉంది. కాళోజీ తిరిగిన వీధుల్లో మనం రోజూ తిరుగుతున్నాం. మన పిల్లలకు ఎక్కడి ఫ్రాంకెన్‌స్టైన్ భూతమో కావలసి వచ్చిందా? నాకైతే నచ్చలేదు.

ఇంగ్లిష్ టీచర్ (వేరే స్కూలు): సార్, ఆ నవల పుట్టిందే ఇలాంటి పోటీలో. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. దాని ప్రభావంతో మరుసటి ఏడాది యూరప్‌లో వేసవి వేసవిలా లేదు, ఒకటే చలి, వాన. జెనీవా సరస్సు దగ్గర ఇల్లు కదలలేని స్నేహితులతో తలా ఒక దెయ్యం కథ రాద్దామన్నాడు బైరన్ కవి. మేరీకి అప్పుడు 18 ఏళ్లు. కథ తట్టిందా అని రోజూ పొద్దున్నే అడిగేవారట, లేదని చెప్పలేక సిగ్గుతో చచ్చిపోయేదట. 1818లో పుస్తకం వచ్చినప్పుడు దానిమీద ఆమె పేరు కూడా లేదు. తెల్లకాగితం ముందు బిక్కమొహం వేసే పిల్లలకు ఇంతకన్నా దగ్గరి మనిషి ఎవరు?

రిటైర్డ్ తెలుగు పండితుడు: కథ ఎక్కడిదన్నది నాకు పట్టింపు లేదు. కందుకూరి వారు 1878లో రాజశేఖర చరిత్రము మొదలుపెట్టింది గోల్డ్‌స్మిత్ అనే రచయిత ఇంగ్లిష్ నవల చదివే. కానీ ఆయన రాసింది తెలుగులో! నా పేచీ అంతా ఆ ‘ఇంగ్లిష్‌లోనే’ దగ్గర. స్పెల్లింగ్ భయంతో పిల్లవాడు రాసేది కథ కాదు, పరీక్ష జవాబు.

కాజీపేట వాసి: ఇంగ్లిష్ రాకపోతే రేపు ఉద్యోగం ఎవరిస్తారండీ?

రిటైర్డ్ తెలుగు పండితుడు: భూతం కథ రాస్తే ఇస్తారా?

ఇంటర్ విద్యార్థిని: అంకుల్, ముందు చిన్న సవరణ. ఫ్రాంకెన్‌స్టైన్ అనేది భూతాన్ని తయారు చేసినవాడి పేరు. పాపం, దానికి పేరే పెట్టలేదు. అది ఒక కుటుంబం ఇంటిని ఆనుకుని ఉన్న కొట్టంలో దాక్కుని, గోడ సందులోంచి వాళ్ల మాటలు వింటూ భాష నేర్చుకుంటుంది. పరకాల దగ్గర మా ఊళ్లో తెలుగు మీడియం చదివి, ఎనిమిదిలో ఇక్కడి ఇంగ్లిష్ మీడియంలో చేరాను. చివరి బెంచీలో కూర్చుని నేనూ అలాగే నేర్చుకున్నాను. అందుకే మా స్కూల్లో ఇలాంటి పోటీ పెట్టినప్పుడు నా భూతాన్ని కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి వెనక దాచాను. మగ్గం చప్పుడు మధ్య అది మొదట నేర్చుకున్న మాట ‘ఎవరది?’. దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చబుద్ధి కాలేదు. మాటలన్నీ తెలుగులోనే ఉంచాను. కథ బాగుందన్నారు, నియమం తప్పానని బహుమతి ఇవ్వలేదు.

ఇంగ్లిష్ టీచర్: అది అన్యాయమే. అయినా కనీసం ఒక్క పోటీ ఇంగ్లిష్‌లో ఉండాలనే అంటాను. భయం రాస్తేనే పోతుంది.

హన్మకొండ తండ్రి: భూతానికి పేరు లేదని నాకు తెలియదమ్మా. మావాడికి చెబితే ‘నేను పెట్టవచ్చా నాన్నా?’ అన్నాడు. పోటీ వద్దని ఇక అనలేను. రేపు స్కూలుకు వెళ్లి, రెండు భాషల్లో దేనిలోనైనా రాయనివ్వమని అడుగుతాను. తెలుగు కథలు ఎవరు దిద్దుతారని అడిగితే ఏం చెప్పాలి?

రిటైర్డ్ తెలుగు పండితుడు: నా పేరు చెప్పండి. ఎర్ర పెన్ను నేనే తెచ్చుకుంటాను.