సమస్య: చచ్చిన పిదపన్ వధూటి చక్కగఁ బాడెన్

నిర్వాహకుడు:
ఈ వారం కందపాదం ఇదీ. గణాలు సరిపోయాయి, యతి చ-చ, ప్రాస చ్చకారం. మామూలుగా అయితే దయ్యం అనో, కల అనో, సినిమా షూటింగ్ అనో తోసేసి చేతులు దులుపుకుంటారని నాకు తెలుసు. అందుకే ఒక షరతు. పూరణ ఒపేరా (పాటలతో నడిచే పాశ్చాత్య నాటకం) లోకంలోంచే రావాలి, అక్కడ నిజంగా జరిగిందో, ఆ కథలో ఉన్నదో, కనీసం అక్కడివాళ్ళు వందేళ్ళుగా చెప్పుకునే కబురో అయ్యుండాలి. కత్తి దిగినా క్షయ ముదిరినా పది నిమిషాలు పాడకుండా ఏ నాయికా కన్ను మూయని లోకం అది, కాబట్టి ఈ పాదం అక్కడ సమస్యే కాదంటారేమో, చూద్దాం. మన కాటిసీనులో చనిపోయిన పిల్లాడు కదలకుండా పడుకుంటే హరిశ్చంద్రుడి పద్యానికి ఒన్స్‌మోర్లు పడటం చూసి పెరిగినవాళ్ళకి ఇదేం కొత్త కాదు.

గోదారిగట్టు:
నేనే బోణీ. స్వరకర్త వెర్డీ ఒపేరా రిగొలెట్టో.

గుచ్చిన కత్తికి నొరగిన
పిచ్చిది గోనెను బడఁగను బిడ్డా యనుచున్
వచ్చిన తండ్రియె విప్పఁగఁ
జచ్చిన పిదపన్ వధూటి చక్కగఁ బాడెన్

అరసున్న:
ఇచ్చిన పాదంలో చకారాన్ని జకారం చేసేశారు గురువుగారూ, ఇది చెల్లుతుందా?

నిర్వాహకుడు:
చెల్లుతుంది, విప్పఁగన్ ద్రుతాంతం కాబట్టి సరళాదేశం వచ్చింది. నా ఫిర్యాదు ఛందస్సు మీద కాదు, కథ మీద. "బిడ్డా యనుచున్ వచ్చిన తండ్రి" అన్నారు, అక్కడే పప్పులో కాలేశారు. ఆ తండ్రి వచ్చింది ఏడుస్తూ కాదు, సంబరపడుతూ! డబ్బిచ్చి చంపించింది ప్రభువుని, గోనెలో ఉన్నది వాడేననుకుని ఏటిలో పడేయబోతాడు, అంతలో దూరం నుంచి ఆ ప్రభువు గొంతే "లా దొన్నా ఎ మోబిలే" అని హాయిగా వినిపిస్తుంది. అప్పుడు కదా గుండె ఆగేది. ఆ పాట అంకం మొదట్లోనే ఎందుకు పెట్టాడో ఆ క్షణంలో తెలుస్తుంది. మీరు "బిడ్డా" అనిపించి ఆ దెబ్బంతా ముందే ఖర్చుపెట్టేశారు. పైగా గోనెలో ఉన్న కూతురు గిల్డా అప్పటికి చావలేదు, కొన ఊపిరితో ఉంది.

గోదారిగట్టు:
కొన ఊపిరితో అంత పాటా? సరే, ఒప్పుకున్నా. కానీ ఒక కబురు చెప్పి నష్టపరిహారం ఇచ్చుకుంటా. ఆ పాట ముందే బయటికి పొక్కి వెనిస్ పడవలవాళ్ళు పాడేస్తారని భయపడి, ప్రదర్శన దగ్గరపడే దాకా దాన్ని గాయకుడి చేతికే ఇవ్వలేదట వెర్డీ. 1851 నాటి మాట. అసలు హ్యూగో నాటకంలో ఆ జల్సారాయుడు ఫ్రాన్సు రాజు, సెన్సారు వాళ్ళు ఒప్పుకోక మాంటువా ప్రభువయ్యాడు.

కొత్తకలం:
నమస్కారం అండీ, ఇదే నా మొదటి కందం, తప్పులుంటే మన్నించండి. టోస్కా మీద రాశాను.

అచ్చట టోస్కా దూకెను
హెచ్చగు వలవంటి పరుపు పైకెగిరించన్
వచ్చెను మఱలను మఱలను
చచ్చిన పిదపన్ వధూటి చక్కగఁ బాడెన్

అరసున్న:
మొదటి కందానికి ఇంత నడక రావడం గొప్పే తమ్ముడూ. కానీ రెండో పాదంలో యతి లేదు, "హె"కి "పై" కుదరదు. "పచ్చని వలవంటి పరుపు పైకెగిరించన్" అని మార్చు, ప-పై సరిపోతుంది.

తెరవెనుక:
ఆ పరుపు పచ్చరంగుదని మీకెవరు చెప్పారు అరసున్న గారూ? యతి కోసం పరుపుకి రంగేశారా!

నిర్వాహకుడు:
తెలియనివాళ్ళకి: టోస్కా చివర్లో నాయిక రోమ్‌లోని కాస్టెల్ శాంతాంజెలో మీది నుంచి దూకి చస్తుంది. గోడ వెనక పరుపు వేస్తారు. ఒకసారి పరుపుకి బదులు స్ప్రింగుల వల కట్టారనీ, దూకిన గాయని గోడ మీదుగా మళ్ళీ మళ్ళీ పైకి తేలి కనిపించిందనీ కథ. ఊరి పేరూ గాయని పేరూ చెప్పేవాళ్ళని బట్టి మారిపోతుంటాయి, అంటే ఇది కబుర్ల ఖాతాలోదే. షరతు ప్రకారం చెల్లుతుంది. కానీ కొత్తకలం గారూ, ఎగిరిందని చెప్పారు గానీ పాడిందని ఎవ్వరూ చెప్పలేదు. చివరి పాదం గాల్లో ఉండిపోయింది, ఆవిడలాగే.

మిలాను మరదలు:
నాది లా త్రావియాటా. మీ అందరికంటే సూటిగా కొట్టాననుకుంటున్నా, చదివి చెప్పండి.

మెచ్చక వెనిసున నవ్విరి
హెచ్చిన కాయమునుఁ జూచి యెల్లరుఁ బైయేఁ
డచ్చటనే నాటకమది
చచ్చిన పిదపన్ వధూటి చక్కగఁ బాడెన్

చచ్చింది వధూటి కాదు, నాటకం! 1853 మార్చి 6న వెనిస్ లా ఫెనీచేలో మొదటిసారి ఆడితే, క్షయతో చిక్కి శల్యమవ్వాల్సిన వయొలెట్టా వేషం కట్టినావిడ పుష్టిగా ఉందట. డాక్టరు వచ్చి ఇంకొన్ని గంటలే అంటే జనం నవ్వారని చెబుతారు. మర్నాడు వెర్డీ ఉత్తరం రాశాడు: నిన్న రాత్రి నాటకం తన్నేసింది, తప్పు నాదా గాయకులదా, కాలమే చెబుతుంది, అని. కాలం పద్నాలుగు నెలల్లోనే చెప్పింది. 1854 మేలో అదే ఊళ్ళో ఇంకో థియేటర్లో, శాన్ బెనెదెట్టోలో, బ్రహ్మాండంగా ఆడింది.

తెరవెనుక:
అబ్బ, "నాటకమది చచ్చిన పిదపన్" అన్న విరుపు బాగుంది అక్కా. పైయేడు అన్న మాట మా అమ్మమ్మ నోట విన్నాక ఇక్కడే మళ్ళీ చూడటం.

నిర్వాహకుడు:
విరుపు బాగుంది, ఒప్పుకుంటా. కానీ ఒక మాట. ఆ గాయని ఫానీ సాల్వీనీ దొనతెల్లికి మొదటి అంకంలో చప్పట్లే పడ్డాయి. నాయకుడి వేషం పాడిన టెనరుకి గొంతు బొంగురు, తండ్రి వేషగాడికి ఈడు మీరింది, నాటకం కూలింది ముఖ్యంగా వాళ్ళ వల్ల. అయినా నూటడెబ్బై ఏళ్ళుగా అందరూ గుర్తుపెట్టుకున్నది ఆవిడ ఒళ్ళునే. మీ పద్యం కూడా ఆ మాటే మోసింది. పైగా రెండోసారి పాడింది ఆవిడ కాదు, మరియా స్పెజ్జియా. మీ "వధూటి" ఒకత్తే అన్నట్టు వినిపిస్తోంది.

మిలాను మరదలు:
అది నిజమే. "కాయము" తీసేద్దామంటే యతికి "హెచ్చిన" కావాలి కదా అని ఉంచేశాను. పాపం ఆవిడ. ఇక్కడ మిలాన్‌లో లా స్కాలా ఒపేరా థియేటర్లో పై గ్యాలరీ వాళ్ళయితే ఒళ్ళు చూడరు, గొంతే చూస్తారు, కానీ నచ్చకపోతే బతకనివ్వరు. 2006 డిసెంబర్‌లో వెర్డీ ఒపేరా "ఐదా"లో సేనాపతి వేషం కట్టిన రొబెర్తో అలాన్యా మొదటి పాట పాడగానే బూ అన్నారు, ఆయన చెయ్యెత్తి ఒక దండం లాంటిది పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. సంగీతం ఆగలేదు. బదులు గాయకుడు అంతొనెల్లో పలొంబీని ఉన్నపళంగా తోశారు. చుట్టూ ఈజిప్టు వైభవం, నడిమధ్య సేనాపతి జీన్స్ ప్యాంటులో!

తెరవెనుక:
మా ఊరి నాటకంలో కృష్ణుడు చేతి గడియారంతో వచ్చాడని నలభై ఏళ్ళుగా నవ్వుకుంటున్నాం, మేమే నయం.
సరే, నాది. ఇందులో చచ్చినావిడ నిజంగానే చచ్చింది, నిజంగానే పాడింది. ఆఫెన్‌బాక్ హాఫ్‌మన్ కథలు.

నిచ్చలు రోగము, పాడిన
వచ్చును మృత్యువని తండ్రి వలదనఁ, బటమై
మెచ్చుచుఁ గూఁతును దల్లియె
చచ్చిన పిదపన్ వధూటి చక్కగఁ బాడెన్

అరసున్న:
"పటమై" అన్న ఒక్క మాట చాలు, మన ఇళ్ళల్లో గోడకెక్కినవాళ్ళందరూ గుర్తొచ్చారు. కానీ పెళ్ళీడు కూతురున్న తల్లిని వధూటి అంటారా?

తెరవెనుక:
పటంలో వయసు పెరగదు కదండీ.

నిర్వాహకుడు:
ఈ జవాబు పద్యం కంటే బాగుంది. అక్కడ జరిగేది కూడా అదే: పాడితే చస్తావని ఆంటోనియాకి తండ్రి పాట మాన్పిస్తాడు, మాయల డాక్టరొకడు వచ్చి గోడ మీది తల్లి పటం చేత పాడించి కూతుర్ని రెచ్చగొడతాడు, పిల్ల పాడి పాడి చస్తుంది. "మెచ్చుచు" అన్నది మరీ మెత్తని మాట అయిపోయింది, అక్కడ తల్లి గొంతులో ఉన్నది మెప్పు కాదు, ఎర. ఇంకోటి, ఆఫెన్‌బాక్ కూడా అది రంగం మీద చూడలేదు. 1880 అక్టోబర్‌లో పోయాడు, నాటకం పారిస్‌లో 1881 ఫిబ్రవరిలో ఆడింది.

కందదాసు:
స్వరకర్త చచ్చాక పేరు రావడం అంటారా, అయితే కార్మెన్ ఒపేరా రాసిన బీజేకి మించినవాడు లేడు. క్రమాలంకారంలో వేస్తున్నా.

మెచ్చిరి బీజే నెప్పుడు?
తెచ్చెను మోహము నెవతెయొ ధీరుల? కెటులన్
హెచ్చుగ నాడె? మఱేమగు?
చచ్చిన పిదపన్, వధూటి, చక్కగఁ, బాడెన్

అరసున్న:
వచ్చాడండీ క్రమాలంకారం కందదాసు! ప్రతి వారం ఇంతే, నాలుగు ప్రశ్నలడిగి పాదాన్ని ముక్కలు చేసి చేతిలో పెట్టడం. "మఱేమగు"కి "పాడెన్" జవాబు ఎలా అయింది? ఏమగును అంటే పాడెను అంటారా? "ధీరులకు"ని నడిమికి కోసి మధ్యలో ప్రశ్నార్థకం గుచ్చడం ఇంకో ఘోరం.

కందదాసు:
మొదటి ప్రశ్నకి మార్కులివ్వండి కనీసం. కార్మెన్ 1875 మార్చి 3న మొదలైంది, పారిస్ పత్రికలు నీతి లేదని తిట్టిపోశాయి, బీజే సరిగ్గా మూడు నెలలకి జూన్ 3న పోయాడు, ముప్పై ఆరేళ్ళకే. అక్టోబర్‌లో వియన్నాలో ఆడితే జనం నెత్తిన పెట్టుకున్నారు. ఐదు నెలలు ఆగి ఉంటే వినేవాడు.

నిర్వాహకుడు:
మొదటి ప్రశ్నకి పూర్తి మార్కులు. మిగతా మూడూ దానికి కూలి మోస్తున్నాయి.

పాతచొక్కా:
ఆలస్యమైంది, కరెంటు లేదు. పుచ్చీనీ తురందో, మూడో అంకం.

హెచ్చిన దుఃఖము తోడను
వచ్చిన జనులెల్ల భుజము వంచిరి మోయన్
ముచ్చటఁ గొలిపెడు దాసియె
చచ్చిన పిదపన్ వధూటి చక్కగఁ బాడెన్

కొత్తకలం:
అర్థం కాలేదండీ, ఎవరు పాడారు?

మిలాను మరదలు:
ఎవరూ పాడలేదు బాబూ! పాడె. మోసే పాడె. "పాడెన్ మోయన్ భుజము వంచిరి." మేమందరం రెండు రోజులుగా శవాల చేత పాడించడానికి తంటాలు పడుతుంటే ఈయన పాటే ఎత్తేశాడు.

అరసున్న:
తప్పు పట్టకపోతే నిద్ర పట్టదు కాబట్టి: అక్కడ ఆ దాసి లియూని చేతుల మీదే ఎత్తుకుపోతారు, పాడె ఉండదు.

పాతచొక్కా:
దర్శకుణ్ణి బట్టి ఉంటుంది మాస్టారూ. నేను ఆ చోటు పట్టుకున్నది వేరే కారణానికి. పుచ్చీనీ అక్కడి దాకా రాసి 1924 నవంబర్‌లో పోయాడు. 1926 ఏప్రిల్ 25న లా స్కాలాలో మొదటి రాత్రి, లియూ శవం వెంట జనం కదిలిపోయే ఆ చోటుకి రాగానే వాద్యబృందాన్ని నడిపిస్తున్న కండక్టరు తోస్కానీనీ కర్ర దింపేశాడు, మేస్త్రో కలం ఇక్కడే ఆగిందన్న భావంతో ఏదో అని. సరిగ్గా ఏమన్నాడో తలా ఒకలా రాశారు. పుచ్చీనీ పోయాక అల్ఫానో రాసిన ముగింపు ఆ రాత్రి వాయించనే లేదు. పుచ్చీనీకీ తోస్కానీనీకీ బతికుండగా తరచూ కీచులాటే. ఒక క్రిస్మస్‌కి మాటల్లేని రోజుల్లో పుచ్చీనీ ఇంటి నుంచి అలవాటుగా తోస్కానీనీకి కేకు వెళ్ళిపోయిందట, అది తెలిసి పుచ్చీనీ తంతి కొట్టాడు, "కేకు పొరపాటున పంపాను" అని. అటు నుంచి తంతి: "కేకు పొరపాటున తిన్నాను."

నిర్వాహకుడు:
ఈ వారం పాతచొక్కా గారిదే. "వధూటి"కీ "పాడె"కీ మధ్య "చక్కగ" అడ్డం పడింది, అన్వయానికి ఒక్క క్షణం తడుముకోవాలి, అయినా సరే. రెండో స్థానం మిలాను మరదలు గారికి.

వచ్చే వారానికి తేటగీతి పాదం. 1872లో బెర్తానీ అనే ఆయన రైలెక్కి రెండుసార్లు పార్మా వెళ్ళి ఐదా చూసి, నచ్చలేదు, నా డబ్బు నాకిమ్మని వెర్డీకే బిల్లు పంపాడు: రైలు, టికెట్టు, స్టేషన్లో తిన్న పాడు భోజనం, మొత్తం 31 లీరాల 80. వెర్డీ ఇప్పించాడు! కాకపోతే 27 లీరాల 80 మాత్రమే, ఎందుకంటే భోజనం ఆయన ఇంట్లోనే చేసి ఉండొచ్చు కదా అన్నాడు. ఇక నా కొత్త ఒపేరాలకి రానని కాగితం రాయించుకోమని కూడా చెప్పాడు. పాదం:

తిండి కీయఁడు కడమకుఁ దీర్చె ఋణము

ఒపేరా షరతు ఈసారి లేదు. కందదాసు గారూ, క్రమాలంకారం నిషేధం.